ఆడ ఇంజనీర్లను సైటుకు పంపరు, ప్రమోషన్ ఇవ్వాల్సి వస్తే సైటు అనుభవం లేదంటారు: దీన్ని రక్షణ అనొచ్చా?

కరెంటుపని (గుంటూరు):
ఇక్కడ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, పిల్లల్ని బీటెక్‌లో చేర్చబోతున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నేను ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదివి గుంటూరులో హెచ్‌టీ, ఎల్‌టీ (ఎక్కువ వోల్టేజీ, తక్కువ వోల్టేజీ) పనులు చేసే ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టు సంస్థలో ఇంజనీరుగా చేరాను. ఇంటర్వ్యూలో నన్ను అడిగిందంతా సైటు పని గురించే, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి బీడీవీ (ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూసే పరీక్ష) ఎందుకు చూస్తారు, కేబుల్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టే ముందు ఏమేం విప్పాలి, ఎల్‌సీ (లైను ఆపి పని చేసుకోమని ఇచ్చే అనుమతి) తీసుకున్నాక ఎర్త్ రాడ్లు ఎటువైపు తగిలించాలి, ఇలాంటివి. అన్నీ చెప్పాను, ఉద్యోగం ఇచ్చారు. చేరాక నా చేతికొచ్చింది మాత్రం ఆఫీసులో ఎస్టిమేట్లు, బిల్లులు, డ్రాయింగులు. నాతోపాటు చేరిన అబ్బాయిని మొదటి వారంలోనే సైటుకు తీసుకెళ్లారు.

ఎందుకని అడిగితే మా సార్ కోప్పడలేదు. చాలా ప్రేమగానే చెప్పారు, "నీకెందుకమ్మా ఆ దుమ్మూ ధూళీ, రాత్రిళ్లు కరెంటు ఆపి చేసే షట్‌డౌన్లూ, ఏదన్నా అయితే మీ నాన్నగారికి నేనేం సమాధానం చెప్పాలి" అని. ఈ మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆడపిల్లలకు తెలుస్తుంది. తిట్టినవాడితో గొడవ పెట్టుకోవచ్చు, నీ మంచికే అంటున్న మనిషితో ఏమని పెట్టుకుంటాం? అలా కొన్నేళ్లు గడిచాయి. ఈమధ్య ప్రాజెక్ట్ ఇంజనీర్ పోస్టు ఖాళీ అయితే ఆ అబ్బాయికి ఇచ్చారు. అతను పనిమంతుడే, అతని మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. నాకు చెప్పిన కారణం "సైటు అనుభవం లేదు" అని.

ఆ అనుభవం రాకుండా ఆపింది ఎవరు? నా భద్రత కోసం అని తీసేసిన పనినే, కొన్నేళ్ల తర్వాత నాలో లోటుగా లెక్కగట్టడం న్యాయమేనా? ఆడవాళ్లను సైటు డ్యూటీల నుంచి, నైట్ డ్యూటీల నుంచి తప్పించడం మంచిదే అనేవాళ్లు ఉంటే వాళ్ల వాదన కూడా వినాలని ఉంది. ఊరికే సానుభూతి వద్దు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):
వాదన కావాలన్నారు కాబట్టి చెప్తున్నానమ్మా, నొచ్చుకోకు. నాకు ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డుల షెడ్ ఉంది, బయట సైట్లలో బిగించే ఎరెక్షన్ పనులు కూడా పట్టుకుంటాం. షెడ్‌లో వైరింగ్ దగ్గర ఆడపిల్లలే ఎక్కువ, లగ్గులు క్రింప్ చేయడం, ఫెర్రూల్స్ తొడగడం మగపిల్లల కంటే శుభ్రంగా చేస్తారు, అందులో నాకు ఏ సందేహం లేదు. బయటికి మాత్రం పంపను. మీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ సంగతే తీసుకో. పగలు కంప్రెషర్లు ఆపనివ్వరు, లోపల వేల బస్తాల సరుకు ఉంటుంది, రాత్రి చల్లబడ్డాక రెండు మూడు గంటలు ఇస్తారు, అదీ సీజన్ తక్కువగా ఉన్నప్పుడు. ఊరి బయట రోడ్డు మీద అర్ధరాత్రి పన్నెండింటికి దిగితే అక్కడుండేది లారీలు, హమాలీలు, తాగున్న వాళ్లు. జరగరానిది జరిగితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నేను, పేపర్లో పడేది నా షెడ్ పేరు. దీన్ని వివక్ష అంటే ఎలా?

ఇంకోటి కూడా దాచకుండా చెప్తాను. పెళ్లయిన అమ్మాయిని ముఖ్యమైన పనిలో పెట్టాలంటే నాలాంటి చిన్నవాడికి భయమే. ఆరు నెలల ప్రసూతి సెలవు జీతం నేనే ఇవ్వాలి, ఆమె బదులు వచ్చినవాడికీ నేనే ఇవ్వాలి. గవర్నమెంటు చట్టం చేసింది గానీ బిల్లు నాకు పంపింది.

బ్రాడీపేట లాయరు:
పాతకాపు గారూ, ప్రసూతి సెలవు విషయంలో సగం నిజం, సగం కాదు. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు అయింది, అంతకుముందు 12 వారాలే. మూడో కాన్పు నుంచి ఇప్పటికీ 12 వారాలే. అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసినవాళ్లకే అది వర్తిస్తుంది. జీతం యజమానే ఇవ్వాలన్నది నిజం, దీన్ని ప్రభుత్వం పంచుకోవాలన్న డిమాండు న్యాయమైనదేనని నేనూ అంటాను. కానీ మీ మనిషి ఈఎస్‌ఐలో ఉంటే, అంటే నెల జీతం 21,000 దాటకుండా ఉంటే, ప్రసూతి కాలం డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, మీ జేబులోంచి కాదు. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే డిప్లొమా అమ్మాయిల్లో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. ఈఎస్‌ఐ కట్టకుండా ఎగ్గొట్టే చోట మాత్రం ఆ భారం యజమాని నెత్తినే పడుతుంది. ఇది మీ గురించి అనడం లేదు, నా దగ్గరికి వచ్చిన కేసులు చూసి చెప్తున్నాను.

ఇక రాత్రిపూట పని. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదని ఉండేది. ఆ రోజుల్లో దాన్ని రక్షణగానే రాశారు. ఆడవాళ్లను గని లోపలికి దించకూడదని 1952 గనుల చట్టంలోనూ అలాగే రాశారు, 2019లో గానీ టెక్నికల్, సూపర్‌వైజరీ పోస్టులకు దారి తెరవలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం ఆడమనిషి ఒప్పుకుంటే రాత్రి కూడా పని చేయొచ్చు, భద్రత ఏర్పాట్లు యజమాని చూడాలి. ఇక్కడ ముఖ్యమైన మాట ఒప్పుకోవడం. ఆమె వద్దంటే బలవంతం లేదు, ఆమె వస్తానంటే చట్టం అడ్డు రాదు.

2024లో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో మహిళా డాక్టరుపై జరిగిన హత్యాచారం తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మహిళా డాక్టర్లకు వీలైనంతవరకు నైట్ డ్యూటీ వేయొద్దని చెప్తే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. భద్రత కల్పించడం మీ పని, ఆడవాళ్లను రాత్రి పనికి రావద్దనడం కాదు అన్నది ఆ మాటల సారం. పాతకాపు గారు చెప్పిన అర్ధరాత్రి రోడ్డుకు కూడా ఇదే వర్తిస్తుందని నా ఉద్దేశం.

ఇంట్లోంచే ఆఫీసు (విజయవాడ):
నేను కొంచెం వేరే మాట అంటాను, అక్కా కరెంటుపనీ, మీ మీద గౌరవంతోనే. నాది సాఫ్ట్‌వేర్, ఇద్దరు పిల్లలు, సత్యనారాయణపురంలో మా అత్తగారింట్లోనే ఉంటూ పని చేస్తాను. నాకు సైటూ లేదు, దుమ్మూ లేదు, ఎవరూ నన్ను రాత్రి వద్దనలేదు. అయినా నేను ఆగిపోయిన చోటే ఆగిపోయాను. ఎందుకంటే మా పనిలో పైకి పోవాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్‌లో ఉండాలి, సరిగ్గా ఆ వేళకే పిల్లలకు అన్నం, రేపటి స్కూలు బ్యాగు, మామగారి మందులు. అదే కాల్‌లో ఉండే మగవాళ్లకు కూడా పిల్లలున్నారు, వాళ్ల ఇంట్లో ఆ టైముకు అన్నం ఎవరో పెడుతున్నారు కాబట్టి వాళ్లు ప్రశాంతంగా మాట్లాడగలుగుతున్నారు.

రోజులో ఎవరు దేనికి ఎంత టైము పెడుతున్నారో కేంద్రం తీసిన 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడితే, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే టైము ఇందులో లేదు, అది వేరే లెక్క. దగ్గరదగ్గర అయిదు గంటలండీ. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలు రెండొందల ఏళ్లవి తవ్వి చెప్పింది కూడా ఇలాంటిదే, మొదటి బిడ్డ పుట్టాకే ఆడా మగా జీతాల మధ్య తేడా బాగా పెరుగుతుంది, ఏ వేళకు పిలిచినా వచ్చేవాళ్లకే ఎక్కువ డబ్బిచ్చే ఉద్యోగాల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ అని. అందుకని నైట్ డ్యూటీ హక్కు సంపాదించినంత మాత్రాన నాలాంటి దానికి ఒరిగేదేమీ లేదు. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చిన మగాడు పడుకుంటాడు, ఆడది పాలు కాస్తుంది. ముందు అది తేలాలి.

కరెంటుపని (గుంటూరు):
చెల్లీ, నువ్వు చెప్పింది నేను కాదనను. కానీ అది తేలేదాకా ఇది ఆగాలంటే రెండూ తేలవు. నేను ఆడవాళ్లందరినీ రాత్రి పనికి పంపమనడం లేదు, వస్తానన్న మనిషిని ఆపొద్దంటున్నాను, ఆపితే ఆ లెక్క తర్వాత ఆమె ఖాతాలో రాయొద్దంటున్నాను.

రిటైర్డ్ ఏడీఈ (గుంటూరు):
అమ్మాయ్, నేను విద్యుత్ శాఖలో సబ్‌స్టేషన్లలో, లైన్లలో పనిచేసి దిగినవాణ్ని. మా రోజుల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గా వచ్చిన ఆడపిల్లలను రెవెన్యూ వైపో, మీటర్ల వైపో, డివిజన్ ఆఫీసులో టెక్నికల్ సీటుకో వేసేవాళ్లు. ఎవరూ ఆర్డరు రాసివ్వలేదు, అలవాటుగా అలా జరిగిపోయేది. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పట్టుబట్టి సెక్షన్ (ఒక ప్రాంతం లైన్ల బాధ్యత) తీసుకున్నారు, గాలివానల్లో లైన్లు పడిపోయినప్పుడు పని చేయించడం కళ్లారా చూశాను. మనుషులు మాట వినరని ముందు భయపెట్టారు. లైన్‌మన్‌కి కావాల్సింది ఎల్‌సీ ఎవరు తీసుకున్నారు, లైను నిజంగా చచ్చిందా లేదా, ఆఫీసరు రెండో మాట మార్చరు కదా, ఇదే. ఆ నమ్మకం కుదిరాక ఆడా మగా అని చూడరు.

పాతకాపు గారు ప్రమాదం అన్నారు. మా పనిలో మనుషులు పోయింది దేనివల్లో నాకు తెలుసు. ఒక ఫీడరుకు (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైనుకు) ఎల్‌సీ తీసుకుని పక్క ఫీడరు మీద ఎక్కడం, ఎర్త్ వేయకుండా చెయ్యి పెట్టడం, లైను ఆఫ్‌లో ఉన్నా ఎవరో ఇంట్లోంచి జనరేటర్ ఆన్ చేస్తే చేంజోవర్ స్విచ్ లేక కరెంటు వెనక్కి రావడం. ఇవన్నీ మగాణ్నీ చంపుతాయి, ఆడదాన్నీ చంపుతాయి, దీనికి మందు పద్ధతిగా పనిచేయడమే. తాగినవాళ్ల భయం నిజమే, కానీ అది కూడా మందీ మార్బలం, వెలుతురు, బండి ఉంటే చాలావరకు తగ్గే భయం.

మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి ఈ తరానికి చెప్పాలి. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు నాలుగు నెలల పాపతో వైధవ్యం. ఆ కాలంలో విధవకు ఏ గతి పట్టేదో మీకు తెలియంది కాదు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు, అధికారుల్ని ఒప్పించి కూతుర్ని అక్కడే చేర్చారు. 1943లో పట్టా తీసుకుంది, తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో పనిచేస్తూ భాక్రా నంగల్ ట్రాన్స్‌మిషన్ లైన్ల పనిలో ఉంది, 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లింది. ఆవిడతోపాటు గిండీలో చదివిన త్రేసియా గారు సివిల్ వైపు పోయి 1971లో కేరళ పీడబ్ల్యూడీ చీఫ్ ఇంజనీరు అయింది. చీఫ్ ఇంజనీరు అయ్యేది రోడ్లూ వంతెనలూ తిరిగితేనే, టేబుల్ దగ్గర కూర్చుంటే కాదు.

పక్కన తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు 2019లో ఆడవాళ్లను అసలు రానివ్వలేదు, హైకోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు, స్తంభం ఎక్కే పరీక్ష మగవాళ్లతో సమానంగా పాసై 2021లో ఉద్యోగంలో చేరారు. పరీక్ష పెట్టండి, పాసైతే పని ఇవ్వండి. అంతకంటే ఏం కావాలి?

ఏఎల్‌పీ తమ్ముడు (విజయవాడ):
నేను రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌ని. మా దగ్గర అమ్మాయిలు ఇంజన్ ఎక్కుతున్నారు, రాత్రిళ్లు గూడ్సు కూడా నడుపుతున్నారు. దేశంలో మొదటి మహిళా లోకో పైలట్ సురేఖా యాదవ్ గారు 1980ల చివర్లోనే మొదలుపెట్టి వందేభారత్ దాకా నడిపి 2025లో రిటైర్ అయ్యారు, కాబట్టి చేయగలరా లేదా అనే ప్రశ్న మా దగ్గర ఎప్పుడో అయిపోయింది. మిగిలింది సౌకర్యాల ప్రశ్న. చాలా ఇంజన్లలో బాత్రూమ్ లేదు. గూడ్సు లూప్‌లైన్లో గంటలకు గంటలు ఆగినప్పుడు మగవాళ్లం పట్టాల పక్కకు దిగుతాం, అమ్మాయి ఏం చేయాలి? డ్యూటీ ఎక్కేముందు నీళ్లు తాగడం మానేస్తున్నారు, ఎండాకాలం మన విజయవాడలో ఇంజన్ క్యాబిన్‌లో నీళ్లు తాగకుండా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. నిజానికి అది మాకూ సమస్యే, షుగర్ ఉన్న పెద్ద డ్రైవర్లకు నరకం, కానీ ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగలేదు. అమ్మాయిలు వచ్చాకే గట్టిగా అడుగుతున్నారు. వాళ్లకొస్తే మాకూ వస్తుంది.

న్యాయం కావాలి (తెనాలి):
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకు ఎక్స్‌ట్రా సీట్లు, మన ఈఏపీసెట్‌లో మూడో వంతు సీట్లు వాళ్లకే, గేట్ పరీక్ష ఫీజు సగం, ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000. ఇప్పుడు సైటులో కూడా వాళ్లకు నచ్చిన డ్యూటీ కావాలంటున్నారు. బీటెక్ చేసి ఖాళీగా తిరిగే మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడరా? నాకూ ఉద్యోగం లేదు, ఈఎంఐ టెన్షన్ నాకూ ఉంది.

కానూరు లెక్చరర్:
తమ్ముడూ, నీ ఉద్యోగం బాధ నిజమే, దాని గురించి వేరే చర్చ పెట్టు, నేనూ రాస్తాను. కానీ ఐఐటీలో ఇచ్చింది అదనపు సీట్లు, ఉన్నవాటిలో అబ్బాయిల సీటు ఒక్కటి కూడా తగ్గించలేదు. ఇక ఆమె నచ్చిన డ్యూటీ అడగలేదు, అందరూ తప్పించుకోవాలనుకునే డ్యూటీ అడిగింది.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఈఈఈ చెప్తాను కాబట్టి, ఇది సైటు దగ్గర మొదలవ్వలేదని చెప్పగలను. మెషీన్స్ ల్యాబ్‌కి రండి ఒకసారి. డీసీ మోటారు స్టార్ట్ చేయాలి, త్రీ పాయింట్ స్టార్టర్ హ్యాండిల్ పట్టుకుని మెల్లగా చివరిదాకా జరపాలి, తొందరపడితే ఫ్యూజు పోతుంది, మధ్యలో వదిలేస్తే హ్యాండిల్ టప్పున వెనక్కి కొట్టుకుంటుంది. బ్యాచ్‌లో అయిదుగురుంటే ఆ హ్యాండిల్ దగ్గర ఎప్పుడూ అబ్బాయే, వేగం చూసే టాకోమీటరు పెట్టేది ఇంకో అబ్బాయి, అమ్మాయిలు నోటుబుక్కు పట్టుకుని రీడింగులు రాస్తారు. ఎవరూ వాళ్లను తోసేయలేదు, రాత బాగుంటుంది కదా నువ్వు రాయి అన్నారు, అంతే. వైవాలో థియరీ అడిగితే అమ్మాయిలే ముందు చెప్తారు, ఆ హ్యాండిల్ మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారైనా పట్టుకోకుండా పట్టా తీసుకెళ్లినవాళ్లను చూశాను. అందుకే మా ల్యాబ్‌లో ప్రతి వారం చేతులు మారాలని పెట్టాను, రాసినవాళ్లు వచ్చే వారం స్టార్టర్ దగ్గర, కనెక్షన్ ఇచ్చినవాళ్లు పుస్తకం దగ్గర. మొదట అమ్మాయిలే వద్దన్నారు, భయం మేడమ్ అన్నారు. నెల తిరిగేసరికి ఆ మాట పోయింది.

ప్లేస్‌మెంట్ల సంగతి ఇంకా బాధ. కోర్ కంపెనీ (సాఫ్ట్‌వేర్ కాకుండా అసలు ఎలక్ట్రికల్ పని చేసేది) వస్తుంది, మెయిల్‌లో "మేల్ క్యాండిడేట్స్ ఓన్లీ" అని ఉంటుంది. 1976 సమాన వేతన చట్టం నాటినుంచే ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని ఉంది. అయినా ఆ మెయిల్‌ను కాలేజీలు నోటీసు బోర్డులో పెట్టేస్తాయి, ఎందుకంటే ప్లేస్‌మెంట్ నంబరు కావాలి. నా ఉద్దేశంలో అలాంటి మెయిల్ వెనక్కి పంపాలి, సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు మగ సర్టిఫికెట్, ఆడ సర్టిఫికెట్ అని ఇవ్వలేదుగా.

పటమట నాన్న:
చదువుతున్నాను అందరివీ. మా అమ్మాయికి ఈసారి కౌన్సెలింగ్. ర్యాంకు మంచిదే వచ్చింది, కంప్యూటర్స్ వస్తుంది, తను ఎలక్ట్రికల్ అంటోంది. మా బావమరిది, మా అన్నయ్య అందరూ ఆడపిల్లకు ఎలక్ట్రికల్ ఏంటి, ఏసీ రూములో కూర్చునే ఉద్యోగం వదులుకుని అంటున్నారు. మా ఆవిడ మాత్రం దాని ఇష్టం అంటోంది. కరెంటుపని గారూ, మీకు ఇంత జరిగాక కూడా మా అమ్మాయిని ఎలక్ట్రికల్‌లో చేర్చమంటారా? మీ ఇంట్లో పిల్లకు చెప్పినట్టు చెప్పండి.

కరెంటుపని (గుంటూరు):
చేర్చండి బాబాయిగారూ. అయితే కళ్లు తెరుచుకుని చేర్చండి. నాకు పని మీద విరక్తి రాలేదు, పని దగ్గరికి పోనివ్వకపోవడం మీదే నా బాధంతా.

ఒకసారి ఏమైందో చెప్తాను. మా దగ్గర ఇద్దరికి ఒకేసారి జ్వరాలొచ్చి మనుషుల్లేక నన్ను ఒక కోల్డ్ స్టోరేజీకి రాత్రి షట్‌డౌన్‌కు తీసుకెళ్లారు. వెళ్లాక మొదట తెలిసింది గ్లౌజుల సంగతి. రబ్బరు గ్లౌజులన్నీ పెద్ద సైజువే, నా వేళ్ల చివర అంగుళం ఖాళీ. అవి వేసుకుని మిగిలిన కరెంటును భూమిలోకి దింపే డిశ్చార్జ్ రాడ్ పట్టుకోవచ్చు గానీ టెర్మినల్ దగ్గర నట్టు పట్టలేం. హెల్మెట్ లోపలి పట్టీ చివరి బెజ్జానికి లాగినా జారేది. సేఫ్టీ షూ నా సైజు ఆఫీసులో లేనే లేదు, నా సొంత బూట్లతోనే పోయాను. ఆడవాళ్లకు ప్రమాదం అని చెప్పే సంస్థలో ఆడవాళ్ల చేతికి పట్టే గ్లౌజు ఒక్క జత లేదు, దాని గురించి ఆలోచించండి. చిన్న సైజు దొరకనిదేమీ కాదు, గ్లౌజులు నంబర్ల వారీగానే వస్తాయి, ఎవరూ ఆర్డరు పెట్టలేదు.

ఆ రాత్రి పని మాత్రం బాగా జరిగింది. పాత ఏసీబీ (పెద్ద సర్క్యూట్ బ్రేకరు) తీసి కొత్తది పెట్టడం, కరెంటు మోసే బస్‌బార్ పట్టీల జాయింట్లు విప్పి శుభ్రం చేసి టార్క్ రెంచ్‌తో బిగించడం, మెగ్గర్ చూసి చార్జ్ చేయడం. లైను వచ్చాక ఒక ఫేజ్ జాయింటు దగ్గర వేడి మిగతా రెంటికంటే ఎక్కువ కనిపించింది, మళ్లీ ఆపించి విప్పితే ఒక వాషరు వంకరగా కూర్చుంది. అది నేనే పట్టుకున్నాను. అయిదేళ్లు టేబుల్ దగ్గర గీసిన సింగిల్ లైన్ డయాగ్రమ్ నాకు ఆ ఒక్క రాత్రి అర్థమైనంతగా ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ స్టోరేజీ వాచ్‌మన్ పెద్దాయన మాకు టీ పెట్టించి, ఆఫీసు గది తాళం నాకిచ్చి లోపల బాత్రూమ్ ఉందమ్మా అని చెప్పాడు. అందరూ అలా ఉంటారని అనను. కానీ రాత్రి అనగానే తాగుబోతులే కనిపించేవాళ్లకు ఈయన కూడా కనిపించాలి.

ఆ తర్వాత మళ్లీ పిలవలేదు. జ్వరాలు తగ్గాయి కదా.

మీ అమ్మాయికి చెప్పండి, ఆఫర్ చేతికొచ్చినప్పుడు జీతం అడిగినట్టే ఇంకో రెండు అడగమని. మొదటి ఏడాదిలో నన్ను సైటుకు ఎప్పుడు పంపుతారు, అది ఉత్తరంలో రాసిస్తారా? పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోటైతే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, మీ దగ్గర ఎవరెవరున్నారు? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలే చోట చేరొద్దు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):
అమ్మా, గ్లౌజుల మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు, ఈ వారం తెప్పిస్తాను, షెడ్‌లో టెస్టింగ్ దగ్గర పిల్లలకు కూడా కావాలి. అలాగని రాత్రి పంపుతానని మాట ఇవ్వలేను. పోనీ నీ మాటే తీసుకుంటాను, సైటుకు పంపకపోతే ప్రమోషన్లో ఆ లెక్క అడగొద్దు అన్నావు. ఆ లెక్క అడిగేది నేను కాదు. పెద్ద పనికి టెండరు వేస్తే ఏ ఇంజనీర్లను పెడతావు, ఎవరికి ఎన్నేళ్ల సైటు అనుభవం, సర్టిఫికెట్లు జతచేయి అని వాళ్లే అడుగుతారు. ఆ కాలమ్‌లో నీ పేరు రాస్తే నా టెండరు పక్కన పడేస్తారు. నేను మంచితనంతో నిన్ను ప్రాజెక్ట్ ఇంజనీరు చేసినా కాగితం ఒప్పుకోదు.

బ్రాడీపేట లాయరు:
ఇది ఇప్పటిదాకా వచ్చినవాటిలో బలమైన మాట, ఒప్పుకోవాలి. అయితే ఇది ఎవరి వాదనకు బలమో చూడండి.

ఇంట్లోంచే ఆఫీసు (విజయవాడ):
మా దగ్గర కూడా ఇంతే. ప్రొడక్షన్ సపోర్ట్ చేశావా, క్లయింట్ దగ్గరికి వెళ్లావా అని ప్రమోషన్ ఫారంలో ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లని నన్ను ఆ డ్యూటీ వంతుల రోటాలోంచి మా మేనేజరే తీసేశాడు, నన్ను అడగను కూడా లేదు. కరెంటుపని అక్కా, ఇందాక వేరే మాట అంటానన్నాను గానీ ఈ ఒక్కచోట మనిద్దరిదీ ఒకటే కేసు. అడిగితే ఏడాది తర్వాత వస్తానని చెప్పేదాన్ని.

కరెంటుపని (గుంటూరు):
పాతకాపు గారూ, ఆ కాలమ్ ఉందనే నేనూ అంటున్నది. ఆ కాలమ్ నింపేది మీ మంచితనం కాదు, సైటులో గడిపిన రోజులు. ఆ రోజులు నాకు రాకుండా ఉంటే నేను ఎంత చదివినా, మీరు ఎంత అభిమానించినా నా పేరు అక్కడికి రాదు. టెండరు పిలిచేవాళ్లు మారేదాకా ఆగనక్కర్లేదు, మీ చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి.

షట్‌డౌన్లన్నీ రాత్రే ఉండవు. కొత్త కనెక్షన్లు, అపార్ట్‌మెంట్ల ట్రాన్స్‌ఫార్మర్లు, కాలేజీల సబ్‌స్టేషన్లు, ఆదివారం పగలు ఆపే ఫ్యాక్టరీలు, ఇవన్నీ పగటి పనులే. ముందు వాటికి పంపండి, రిజిస్టర్లో పేరు పడుతుంది. రాత్రి పని వచ్చినప్పుడు మీ షెడ్ పిల్లల్లో వస్తానన్న ఇద్దర్ని కలిపి పంపండి, ఒక్కదాన్ని కాదు. మెటీరియల్ మోసే ఆటోలో కాకుండా కారు పెట్టండి, అదే కారు పని అయ్యాక ఇంటిదగ్గర దింపాలి. ఎల్‌సీ అడిగే ముందే ఆ స్టోరేజీ వాళ్లతో మాట్లాడి ఒక గది, బాత్రూమ్ తెరిచి ఉంచమనండి, అది మీ మగపిల్లలకు కూడా పనికొస్తుంది, ఏఎల్‌పీ తమ్ముడు చెప్పినట్టు. కారు ఖర్చు ఎస్టిమేట్‌లో వేయండి, క్రేన్ అద్దె వేయడం లేదా? ఎస్టిమేట్లు వేసేది నేనే కాబట్టి చెప్తున్నాను, మొత్తం పనిలో ఆ కారు లెక్క కేబుల్ లగ్గుల దగ్గర పోయే తేడా కంటే ఎక్కువేం కాదు.

ఇంతచేసీ ఆ పిల్లలు రామంటే అది వాళ్ల నిర్ణయం, దానికి మిమ్మల్నెవరూ అనరు. వాళ్లను అడగకముందే మీరు వాళ్ల తరఫున వద్దనేస్తే మాత్రం ఆ లోటు మీరు రాసిందే అవుతుంది.

నేను మా సార్‌కి ఉత్తరం రాశాను, వచ్చే ఏడాది సైటు రోటాలో నా పేరు వేయమని, వేయకపోతే కారణం కాగితం మీద ఇవ్వమని. ఇంకా జవాబు రాలేదు. వచ్చాక అది ఏదైనా సరే ఇక్కడే పెడతాను. పటమట బాబాయిగారూ, మీ అమ్మాయి ఏ ఆప్షన్ పెట్టిందో మీరూ చెప్పండి.

పటమట నాన్న:
ఇప్పుడే దానికి ఇదంతా చదివి వినిపించాను. మొదటి ఆప్షన్ ఎలక్ట్రికలే పెట్టింది. కానూరు మేడమ్ గారూ, చేతులు మారే పద్ధతి ఉన్న ల్యాబ్ మీ కాలేజీలో ఒక్కటేనా, మిగతా సెక్షన్లలో కూడా ఉందా అని అడగమంటోంది.

కానూరు లెక్చరర్:
ప్రస్తుతానికి నా బ్యాచ్‌లకే అండి. డిపార్ట్‌మెంట్ మొత్తానికి పెట్టమని హెచ్‌ఓడీకి రాసిచ్చాను, సెమిస్టర్ మొదలయ్యేలోపు తేలుతుంది. మీ అమ్మాయి ఏ కాలేజీలో చేరినా మొదటి ల్యాబ్ రోజే నోటుబుక్కు పక్కవాళ్లకిచ్చి స్టార్టర్ దగ్గర నిలబడమనండి, ఎవరైనా ఏమన్నా అంటే ల్యాబ్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లమనండి.